తమ్ముడి ఇంజిను

మా తమ్ముడు పోయిన ఇరవై మూడో రోజున నేను మళ్ళీ బడికి బయల్దేరాను. బొబ్బిలి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. ఇల్లు విజయనగరంలో. పొద్దున్నే రాయగడ పాసింజరు ఎక్కి బొబ్బిలిలో దిగడం, సాయంత్రం అదే లైన్లో వెనక్కి రావడం ఏడేళ్ళుగా అలవాటు. ఆ రోజు కూడా ప్లాట్‌ఫారం మీద ఆడవాళ్ళ పెట్టె ఆగే చోట నిలబడ్డాను. రోజూ కలిసి వెళ్ళే టీచరమ్మలిద్దరు వచ్చి నాకు చెరో పక్కా నిలబడ్డారు. ఒకావిడ నా సంచీ అందుకుంది.

రైలొచ్చింది. ఇంజిను నా ముందునుంచి దాటి వెళ్ళి ఆగింది. దాని పక్కన తెల్లటి అంకెల్లో, చివర నాలుగు, ఏడు.

నాకు ఇంజిన్ల సంగతి ఏమీ తెలీదు. ఆ రెండంకెలు మాత్రం తెలుసు. మా తమ్ముడి ఫోను తెరిస్తే ముందు కనబడేది ఆ ఇంజినే. "నలభై ఏడు" అనేవాడు, ఇంట్లో మనిషిని పిలిచినట్టు. పోయిన రోజున వాడు పరిగెత్తింది దాన్ని చూడ్డానికే.

ఎక్కకుండా ఇంటికి తిరిగి పోదామనిపించింది. కానీ రేపు? రేపు కూడా అదే రైలు. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఊరు దాటాక, గొట్లాం స్టేషనుకి ముందు ఒక గేటుంది. అది దగ్గరపడుతుంటే ఇంజిను కూత వేసింది. రెండు గొంతులు కలిపి పలికినట్టుండే కూత, అందులో ఒక గొంతు కాస్త బొంగురు. కళ్ళు మూసుకున్నాను. వాడు లేడు. అది మాత్రం టైముకి వచ్చింది, టైముకి వెళ్తోంది. ఆ ఏడాదంతా నన్ను పట్టుకుని వదలనిది ఆ ఒక్క సంగతే. వారంలో రెండు మూడు రోజులు ఆ ఇంజినే వచ్చేది. వచ్చిన రోజున పెట్టెలోకి డీజిలు పొగ వాసన కొడితే వాడు నా పక్కన వచ్చి కూర్చున్నట్టే ఉండేది. వాడి చొక్కాలకి ఎప్పుడూ ఆ వాసనే.

వాడు నాకన్నా ఆరేళ్ళు చిన్న. ఊళ్ళో ఒక రక్తపరీక్షల లాబ్‌లో టెక్నీషియను. సెలవు దొరికితే చాలు, కెమెరా పట్టుకుని పట్టాల వైపు పోయేవాడు. రైళ్ళంటే ప్రాణం పెట్టేవాళ్ళు చాలామంది ఉంటారని, వాళ్ళందరికీ ఫోన్లలో ఒక గ్రూపు ఉంటుందని, ఏ రైలుకి ఏ ఇంజిను తగిలించారో ఒకరికొకరు కబురు అందించుకుంటారని వాడు చెప్తేనే నాకు తెలిసింది. హౌరా వెళ్ళే పెద్ద లైన్లో కరెంటు తీగలు ఎప్పుడో వచ్చేశాయి. మా రాయగడ లైన్లో మాత్రం 2010 దాటి ఇంకొన్నేళ్ళ వరకూ పాత డీజిలు ఇంజిన్లే పాసింజర్లు లాగేవి. వాటి కోసం ఎక్కడెక్కడి మనుషులో వచ్చి మా గేట్ల దగ్గర ఎండలో నిలబడేవారు. మేము రోజూ విసుక్కుంటూ ఎక్కే రైలుని చూడ్డానికి బెంగుళూరు నుంచి ఒకతను వచ్చాడని విని మా టీచరమ్మలు ఒక వారం నవ్వుకున్నారు.

"అందులో ఏటుందిరా?" అని నేనొకసారి అడిగాను.

వాడు ఇయర్‌ఫోన్లు నా చెవుల్లో పెట్టాడు. స్టేషన్లో ఆగి ఉన్న ఇంజిను చప్పుడు.

"విను అక్కా. ఒకే తీరుగా ఉండదు. మధ్యలో ఒక దెబ్బ కొంచెం ఆలీసంగా పడతాది. ఇదిగో. మళ్ళీ ఇదిగో. ఇప్పుడు డ్రైవరు ఒక మెట్టు పెంచేడు. ముందు గొంతు లేస్తాది, బలం దాని వెనకాల వస్తాది. సూడు."

నాకు చప్పుడే వినిపించింది. కానీ వాడి మొహం చూశాను. చిన్నప్పుడు నాన్నగారి ఎదురుగా వయొలిన్ పట్టుకుని కూర్చున్నప్పుడు కూడా ఆ మొహం అలాగే ఉండేది.

మా నాన్నగారు వయొలిన్ మాస్టారు. మా తాతగారిదీ, ఆయన తండ్రిదీ కూడా అదే బతుకు. నాకు సంగీతం పట్టే చెవి లేదని చిన్నప్పుడే తేలిపోయింది. తమ్ముడికి ఉంది. ఆరేళ్ళ వయసులో మొదలుపెట్టి పదో తరగతి దాకా నేర్చుకున్నాడు. ఇంటర్లో చేరిన ఏడు ఒకరోజు వయొలిన్‌ని పెట్టెలో సర్ది అటక మీద పెట్టేశాడు. ఎందుకో చెప్పలేదు. నాన్నగారు అడగలేదు, తిట్టలేదు. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా మాటలు తగ్గిపోయాయి. "నాన్నని భోజనానికి లెమ్మను", "వాణ్ణి గ్యాసు బండకి ఫోన్ చెయ్యమను", ఏ మాటైనా అమ్మ చేతుల మీదుగా వెళ్ళాల్సిందే. వాడు ఇంట్లో రైళ్ళ ముచ్చట ఎత్తితే నాన్నగారు పేపరు మడిచి వీధి అరుగు మీదకి వెళ్ళిపోయేవారు. కొడుకు సంగీతం వదిలి ఇనప చప్పుళ్ళ వెంట పడ్డాడని ఆయన మనసు విరిగిందని అమ్మా నేనూ అనుకునేవాళ్ళం.

ఆ ఆదివారం పొద్దున్న వాడు వంటింట్లో పీట మీద కూర్చుని పెసరట్టు తింటున్నాడు. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. నాన్నగారు రోజూలాగే వాకింగుకి వెళ్ళారు. వాడి ఫోను మోగింది. నిమిషం కూడా మాట్లాడలేదు. సగం అట్టు పళ్ళెంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

"ఎవర్రా ఫోను?" అంది అమ్మ.

"మనవాళ్ళేలే అమ్మా. గంటలో వచ్చేస్తాను."

కెమెరా సంచీ భుజానికి తగిలించుకుని, ఫోన్లో ఏదో గబగబా టైపు చేసి, బైకు తీశాడు. నేను చూసింది అంతే.

గొట్లాం గేటుకి కాస్త ముందు రోడ్డు వంపు తిరుగుతుంది. ఆ వంపులో గోగునార కట్టలు ఎత్తుకున్న ట్రాక్టరు చక్రం పాడై ఆగిపోయి ఉంది. వంపు తిరిగేదాకా కనబడదు. మావాడు దాని వెనక వెళ్ళి కొట్టుకున్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది. గేటు దగ్గర మనుషులు వాణ్ణి రోడ్డు పక్కన పడుకోబెట్టి మొహాన నీళ్ళు చల్లుతుండగా రైలు దాటి వెళ్ళిందని గేటుమాను తరవాత చెప్పాడు. కెమెరాకి చిన్న గీత కూడా పడలేదు.

నాన్నగారు ఇల్లు చేరేసరికి తొమ్మిది దాటింది. అప్పటికే వీధి నిండా జనం. వాకింగుకి వెళ్ళిన మనిషి అంతసేపు ఎక్కడున్నారో అడగాలని ఆ రోజు ఎవరికీ తోచలేదు.

మా ఇంటికి రైలు కూతలన్నీ వినిపిస్తాయి. పుట్టినప్పటి నుంచి వింటున్నవే కాబట్టి మాకు అవి పట్టేవి కావు. ఆ తరవాత మాత్రం, బడి లేని రోజుల్లో నేను చూసేదాన్ని, పొద్దున్న ఏడు దాటేసరికి అమ్మ లేచి కిటికీలన్నీ వేసేసేది. వీధి తలుపు కూడా. వంటింటి కిటికీ సరిగా పడదు, దాని సందులో పాత చీర ముక్క కుక్కేది. వాకింగుకి పోని రోజుల్లో, సరిగ్గా అదే వేళకి నాన్నగారు తలుపు తీసుకుని బయటికి వెళ్ళి వాకిట్లో నిలబడేవారు. లోపల ఆవిడ చెవులు మూసుకునేది, బయట ఆయన చెవి ఒగ్గేవారు. రైలు వెళ్ళాక ఆయన లోపలికి వచ్చేవారు, ఆవిడ కిటికీలు తెరిచేది. కొన్నాళ్ళకి అమ్మకి రైలు లేని వేళల్లో కూడా కూత వినపడసాగింది. మధ్యాహ్నం పడుకున్నది లేచి కూర్చుని, "ఇప్పుడేది వెళ్ళింది?" అనేది. "ఏదీ వెళ్ళలేదమ్మా" అంటే నమ్మేది కాదు.

ఆవిడ ఏడుపు తగ్గాక, ఏడుపు స్థానంలో ఇంకొకటి వచ్చి కూర్చుంది. ఆ ఫోను. "ఎవడో ఫోన్ సేసేడు. తిన్న తిండి తినకుండా లాక్కుపోయేడు. ఆడి ఇల్లు ఎలా బాగుపడతాదో నేనూ సూస్తాను." అన్నం వడ్డిస్తూ అనేది, కూర తరుగుతూ అనేది. నాన్నగారు వింటూ తినేవారు. వయొలిన్ ముట్టుకోవడం మానేశారు. పిల్లలకి పాఠాలు కూడా మానేశారు. కొడుకు పోయిన తండ్రి కదా అని ఎవరూ ఏమీ అనలేదు.

పదమూడో రోజున తమ్ముడి స్నేహితుడొకతను బొబ్బిలి నుంచి వచ్చాడు. వాళ్ళది అక్కడ బజార్లో కిరాణా కొట్టు. తండ్రితో పాటు కొట్లో కూర్చుంటాడు, మావాడితో కలిసి రైళ్ళ వెంట తిరిగేవాడు. లోపలికి వచ్చి నిలబడ్డాడో లేదో అమ్మ అడిగేసింది.

"ఆ రోజు ఫోన్ సేసింది నువ్వేనా?"

అతను నాన్నగారి వైపు చూశాడు. నాన్నగారు నేల చూస్తున్నారు. ఆ చూపులకి అర్థం నాకు అప్పుడు తెలీలేదు.

"నేనే పిన్నీ" అన్నాడు.

"ఇంక మా గుమ్మం తొక్కకు" అంది అమ్మ.

అతను తెచ్చిన పళ్ళ సంచీ గడప పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ తరవాత ఏడాది పాటు ఆ మనిషిని నేను రోజూ చూడాల్సి వచ్చింది. పొద్దున్న నేను బొబ్బిలిలో రైలు దిగేసరికి అతను ప్లాట్‌ఫారం చివర కెమెరాతో నిలబడి ఉండేవాడు. కొట్టు తెరిచే ముందు ఒకసారి వచ్చి రైలు చూసి పోవడం అతని అలవాటు. నన్ను చూస్తే కెమెరా దించేసేవాడు. నేను తల తిప్పుకుని మెట్లెక్కేదాన్ని. కోపం కన్నా ఎక్కువ, అసహ్యం. ఒకణ్ణి పిలిచి చంపుకుని మళ్ళీ అదే ఇంజినుకి ఫోటోలు తియ్యడానికి చేతులెలా వస్తాయి అనిపించేది. ఒకరోజు జోరున వానలో కూడా ఉన్నాడు. గొడుగు కెమెరాకి పట్టి తను తడుస్తున్నాడు. నలభై ఏడు కదిలి వెళ్ళేదాకా అలాగే నిలబడి, వెళ్ళాక కళ్ళు తుడుచుకున్నాడు. వాననీళ్ళే అనుకున్నాను.

సంవత్సరీకం దగ్గర పడింది. వాడి ఫోటో ఒకటి పెద్దది చేయించాలి. ఇంట్లో ఉన్నవన్నీ చదువుకునే రోజుల్లోవి. వాడి ఫోను ఆ రోజే పగిలిపోయింది. వాడు తీసిన వేల ఫోటోల్లో అన్నీ రైళ్ళే, వాడు లేడు. వాడికి ఎవరైనా ఫోటో తీసి ఉంటే అది ఆ బొబ్బిలి మనిషే. వెళ్ళక తప్పలేదు. ఒకరోజు బడి అయ్యాక వాళ్ళ కొట్టుకి వెళ్ళాను. బెల్లం, చింతపండు వాసనల మధ్య అతను కాటా దగ్గర ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. లోపలి గదిలోకి తీసుకెళ్ళి ఫ్యాను వేసి, ఫోను నా చేతిలో పెట్టాడు.

"నీకు ఏది నచ్చితే అది తీసుకో అక్కా. ఇందులో ఆడివి శానా ఉన్నాయి."

కొట్లో ఎవరో పిలిస్తే వెళ్ళాడు. ఫోటోలన్నీ వాళ్ళిద్దరూ ఒకరికొకరు పంపుకున్న మెసేజీల మధ్య ఉన్నాయి. నేను వేలితో కిందకి జరుపుతూ పోయాను. సిగడాం దగ్గర నవ్వుతూ ఒకటి. సీతానగరం వంతెన దగ్గర ఒకటి. ఆ వరస చివరికి వచ్చేసరికి ఒక మెసేజీ. అదే ఆఖరిది. దాని కింద అతను పంపినవి, జవాబు లేనివి, పది పదిహేను ఉన్నాయి. వాడిది మాత్రం అదే ఆఖరిది.

"నాన్న ఫోన్ చేసేరు. 47 అంట. గొట్లాం గేటుకెళ్తన్నాను."

రెండు మూడుసార్లు చదివాను. నాన్న. ఏ నాన్న అని కూడా అనుకున్నాను. అతను తిరిగి వచ్చి నా చేతిలోది చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అక్కా, అది సూడకూడదు నువ్వు."

"నువ్వు చెయ్యలేదా ఫోను?"

"లేదు."

"మరెందుకు ఒప్పుకున్నావు?"

బియ్యం బస్తా మీద కూర్చున్నాడు.

"పిన్ని నన్ను తిట్టుకుంటే ఏటవుతాది అక్కా. నేను సాయంత్రానికి మా ఇంటికొచ్చేస్తాను. మాస్టారు ఆవిడతోనే కదా ఉండాల."

అప్పుడు చెప్పాడు. వాడు పోవడానికి ఏడాది ముందు ఒక ఆదివారం పొద్దున్న మావాడు విజయనగరం స్టేషన్లో ప్లాట్‌ఫారం చివర నలభై ఏడుకి వీడియో తీస్తుంటే వెనకనుంచి ఎవరో, "అది ఎంత శ్రుతో తెలుసా నీకు?" అన్నారట. తిరిగి చూస్తే నాన్నగారు. ఆదివారాల్లో గుడి వైపు వాకింగుకని చెప్పి ఆయన ఎన్నాళ్ళుగానో స్టేషనుకే వస్తున్నారు. తమ్ముడు "రెండున్నర" అన్నాడట. "కాదు. పై గొంతు రెండున్నరే. కింది గొంతు దిగిపోయింది, అందుకే ఆ జీర" అన్నారట ఆయన. ఇద్దరూ అక్కడే బెంచీ మీద కూర్చుని టీ తాగారట. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం విజయనగరంలో పాసింజరుకి ఏ ఇంజిను వచ్చిందో పొద్దున్నే కబురు అందించేది నాన్నగారే.

"మా గ్రూపులో అందరికీ ఆయన మాస్టారే అక్కా. ఆయన నంబరు సూడక్కర్లేదు. కూత ఇని సెప్పేస్తారు."

ఒక వీడియో పెట్టాడు. ఇంజిను కదులుతోంది, నల్లటి పొగ లేస్తోంది. చప్పుడు వెనక నాన్నగారి గొంతు: "ఇప్పుడు చూడు, ఇప్పుడు చూడు." తమ్ముడి నవ్వు. దాంతో కలిసి నాన్నగారి నవ్వు. ఆయన అలా నవ్వగా నేను ఎప్పుడూ వినలేదు. ఒకే ఇంట్లో ముప్ఫై ఏళ్ళుండి ఆ నవ్వు బొబ్బిలిలో బియ్యం బస్తాల మధ్య విన్నాను. నాకు తెలీకుండా వాళ్ళిద్దరికీ ఒక ఏడాది ఉంది. ఇంట్లో మాట్లాడుకోకుండా ఉండటం కూడా ఇద్దరికీ ఆటగానే ఉండి ఉంటుంది.

ఇంటికి వెళ్ళి ఎవరితోనూ ఏమీ అనలేదు. వచ్చిన ఆదివారం నాన్నగారు వాకింగుకి బయల్దేరిన పావుగంటకి నేను స్టేషనుకి వెళ్ళాను. ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద ఉన్నారు. పక్కన రెండు కాగితం కప్పులు. ఒకటి ఖాళీది, ఒకటి నిండుగా, మీద మీగడ కట్టి.

కూర్చున్నాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"ఆ బొబ్బిలబ్బాయి చెప్పాడా?"

"చెప్పలేదు. నేనే చూశాను."

తలూపారు. పాసింజరు ఇంకా రాలేదు. ఆయన పట్టాల వైపు చూస్తూనే మాట్లాడారు.

"ఆ రోజు కళ్ళజోడు మర్చిపోయొచ్చానమ్మా. రైలొచ్చింది. నంబరు కనపళ్ళేదు. అదేనేమో అనిపించింది. అంతకు ముందు వారం తప్పు కబురు చెప్పాను, పాపం వాడు గేటు దాకా పోయి ఊరికే తిరిగొచ్చాడు. అందుకని ఈసారి ఖాయంగా తెలిశాకే చెప్దామనుకున్నాను. కదిలేటప్పుడు కూత వేస్తాది కదా, అది వినేదాకా ఆగాను. విన్నాకే చేశాను."

పక్కనున్న నిండు కప్పుని బెంచీ చివరికి జరిపారు.

"రాగానే చేసుంటే వాడికి పది నిమిషాలుండేవి. నెమ్మదిగా వెళ్ళేవాడు. నేను రైలు కదిలాక చేశాను. దాంతో పందెం వేసుకున్నట్టు పోయాడు."

మీ తప్పు కాదు అనే మాట నోటిదాకా వచ్చింది గానీ, ఏడాదిగా ఆ పది నిమిషాలు లెక్కపెట్టుకుంటున్న మనిషికి ఆ మాట ఆనదనిపించింది.

"అమ్మకి చెప్పండి" అన్నాను.

"ఎలా చెప్పమంటావు? పొద్దున్న లేస్తే తిడతన్నాది. ఆ తిట్లు నాకు అందుతున్నాయి కదా. అందుతున్నాయిలే. అలా పోనీ."

"అవి ఆ అబ్బాయికి అందుతున్నాయి నాన్నా."

ఆయన నా వైపు తిరిగి చూశారు. అంతవరకూ ఆ సంగతి ఆయనకి తట్టినట్టు లేదు. రైలు వస్తోందని మైకులో చెప్పారు. ఆ రోజు వచ్చింది నలభై ఏడు కాదు, వేరేది. అయినా అది వెళ్ళేదాకా కూర్చున్నాం.

సంవత్సరీకం నాడు భోజనాలు అయిపోయి బంధువులు వెళ్ళే వేళకి బొబ్బిలి మనిషి వచ్చాడు. నేనే రమ్మన్నాను. గుమ్మం బయట చెప్పుల దగ్గర నిలబడ్డాడు. లోపలికి రాలేదు. అమ్మ చూసింది.

"ఈడినెవరు రమ్మన్నారు?"

నాన్నగారు గోడకి ఆనుకుని కూర్చున్నారు. లేచి నిలబడ్డారు.

"ఆ ఫోన్ చేసింది నేను" అన్నారు.

గదిలో మా పెద్దత్త, మేము ముగ్గురం, బయట అతను. అమ్మకి అర్థం కాలేదేమో, "ఏ ఫోను?" అంది. నాన్నగారు మొదటి నుంచి చెప్పారు. స్టేషను, కళ్ళజోడు, కూత, అన్నీ. నాకు చెప్పిన దానికన్నా నెమ్మదిగా, ఒక్కొక్క మాట వదిలిపోకుండా చెప్పారు. అమ్మ వింటూ మధ్యలో గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

చివరికి ఒకటే అడిగింది. "ఆడేటన్నాడు?"

"ఎప్పుడు?"

"ఫోన్లో. మీరు సెప్పేక ఆడేటన్నాడు?"

పెద్దత్త మంచినీళ్ళిస్తే తాగి, అప్పుడు చెప్పారు నాన్నగారు.

"‘మీరక్కడే ఉండండి నాన్నా, వీడియో తీసుకుని వచ్చేస్తాను, టీ తాగుదాం’ అన్నాడు."

"మీరేం సేసేరు?"

"అక్కడే ఉన్నాను. తొమ్మిదింటి వరకూ. ఏదో తేడాగా ఉందనిపించి ఇంటికొచ్చాను."

అమ్మ లేచి, కొంగు దోపుకుని వంటింట్లోకి వెళ్ళింది. విస్తరి తెచ్చి గదిలో వేసింది. గుమ్మం వైపు చూడకుండానే, "లోపలికి రా బాబూ. ఎంతసేపని నిలబడతావు" అంది. అతను వచ్చి కూర్చున్నాడు. ఆవిడ వడ్డించింది. అతను తలెత్తకుండా తిన్నాడు. తిన్నంతసేపూ ఆవిడ పక్కనే కూర్చుని విసురుకర్రతో విసిరింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

నాన్నగారితో మాత్రం ఆవిడ ఏడెనిమిది నెలలు సరిగా మాట్లాడలేదు. ఇప్పుడు మాటలు అటూ ఇటూ మోయడం నా వంతైంది. తిట్టడం మాత్రం పూర్తిగా మానేసింది. ఎవరినీ తిట్టలేదు. ఆ తిట్లు లేని ఇల్లు ముందుకన్నా బరువుగా ఉండేది. తిడుతున్నన్నాళ్ళూ బయటెక్కడో ఒక తప్పు చేసినవాడు ఉన్నాడు. ఇప్పుడు వాడు ఇంట్లోనే, ఆవిడ ఎదురుగా కూర్చుని మజ్జిగ పోసుకుంటున్నాడు. నాన్నగారికి సుగరు ఎక్కువైనప్పుడు మాత్రం ఆవిడే ఆసుపత్రికి తీసుకెళ్ళింది, ఆవిడే మందులు గుర్తుచేసేది. ఒక రాత్రి కూడా వేరే గదిలో పడుకోలేదు. దాన్ని క్షమించడమంటారో ఏమంటారో నాకు తెలీదు.

ఈలోగా మా లైను పక్కన సిమెంటు దిమ్మలు పోసి ఇనప స్తంభాలు పాతడం మొదలుపెట్టారు. ఒక్కో వారం ఒక్కో స్టేషను దాకా వచ్చేవి. గజపతినగరం దాటాయి, దొంకినవలస దాటాయి. బొబ్బిలి అబ్బాయి ప్లాట్‌ఫారం మీద నన్ను కలిసినప్పుడల్లా వాటిని చూపించి, "ఇంకెన్నాళ్ళో లేదక్కా" అనేవాడు. తీగలు వచ్చాక ఫోటోలు కూడా బాగా రావట, ఇంజిను నెత్తిన గీతలు పడతాయట. చివరికి ఒకరోజు ఇంటికి వచ్చి చెప్పాడు. నలభై ఏడుని వేరే షెడ్డుకి పంపేస్తున్నారు, ఈ వారమే ఆఖరు, ఇంక ఇటు రాదు.

వంటింట్లోంచి అమ్మ అంది, "నన్నొకసారి ఎక్కించు."

ఆ ఆఖరి రోజున నాతో పాటు స్టేషనుకి వచ్చింది. నాన్నగారు కూడా వచ్చారు. రైలు ఆగాక అమ్మ మా పెట్టె వైపు రాకుండా తిన్నగా ఇంజిను దగ్గరికి నడిచింది. ఆగి ఉన్నా అది అదురుతూనే ఉంది, కాళ్ళ కింద నేల కూడా అదురుతోంది. చెయ్యి చాపి దాని ఇనప వొంటి మీద పెట్టి, వెంటనే తీసేసింది.

"కాల్తన్నాది" అంది, ఎవరితోనో చెప్పినట్టు.

"రండి, ఎక్కండి" అన్నాను నాన్నగారితో.

"నేను ఆ గేటు దాటలేనమ్మా. మీరెళ్ళండి."

అమ్మ ఆయన మొహం చూసింది. ఆయన మెడలోని శాలువా సరిచేసి రైలెక్కింది. ఎన్నో నెలల తరవాత ఆవిడ ఆయన్ని ముట్టుకోవడం నేను చూడ్డం అదే.

రైలు కదిలింది. అమ్మ కిటికీ పక్కన కూర్చుని చువ్వ పట్టుకుంది. కంటోన్మెంటు వైపు ఇళ్ళు, తాటిచెట్లు, కొత్త స్తంభాలు వెనక్కి పోయాయి. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఉన్నాను, గేటు వస్తోందని చెప్పాలా వద్దా అనుకుంటూ. ఇంజిను కూత వేసింది. గేటు వచ్చింది. రెండు ఆటోలు, స్కూలు బస్సు, కొన్ని బైకులు ఆగి ఉన్నాయి.

"ఇదేనా?" అంది.

"ఇదే. ఆ వంపులో."

చూసింది. రైలు అప్పటికి ఊపందుకుంది, గేటు కనబడింది ఎంతసేపనీ. తల తిప్పి, కనబడినంతవరకూ వెనక్కి చూసింది. తరవాత నా వైపు తిరిగి, ఏదో మోసం బయటపడినట్టు మెల్లగా అంది.

"ఇంత దగ్గరా? నేనెక్కడో దూరమనుకున్నానే."

బొబ్బిలి దాకా కిటికీ చువ్వ వదల్లేదు. అక్కడ ఆ అబ్బాయి ఎదురొచ్చి ఆవిణ్ణి చెయ్యి పట్టి దించాడు. ఆ రోజు ప్లాట్‌ఫారం మీద వాళ్ళ గ్రూపు వాళ్ళు ఇరవై మంది దాకా ఉన్నారు. ఒకరు ఇంజినుకి బంతిపూల దండ కట్టారు. ఎవరూ కేకలు వెయ్యలేదు. అందరూ కెమెరాలు ఎత్తి నిలబడ్డారు.

"ఇందులో ఏటి ఇంటార్రా మీరు?" అని అమ్మ అతన్ని అడిగింది.

అతను కెమెరా దించేసి ఆవిడ పక్కన నిలబడ్డాడు. డ్రైవరు జెండా చూసి కదిలించాడు.

"ఇను పిన్నీ. ఇదిగో, ఇది ఒకటో మెట్టు. ఇప్పుడు రెండు. ఆగు, ఇంకా బలం రాలేదు. ఇప్పుడొస్తాది. ఇది మూడు."

అమ్మ కళ్ళు మూసుకుని విన్నది. పొగ మా మీదుగా పోయింది. పెట్టెలన్నీ దాటిపోయాక కూడా చప్పుడు సీతానగరం వైపు చాలాసేపు వినబడింది. అది ఆగిపోయిందని నాకు అనిపించాక కూడా ఆవిడ అలాగే నిలబడి ఉంది. అతను నా వైపు చూశాడు. ఇంకాసేపు ఉండనీ అన్నట్టు తలూపాను. ఆ రోజు నేను బడికి వెళ్ళలేదు. మధ్యాహ్నం బస్సులో ఇద్దరం ఇంటికి వచ్చేశాం.